పలాస పిక్కల బస్తా, వాషింగ్టన్ వడ్డీ

కాశీబుగ్గలో మా బావకు చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. 2022 ఎండాకాలంలో ఆయనకో కొత్త అలవాటు పట్టుకుంది. పొద్దున్నే పాలవాడు రాకముందే నాకు ఫోన్ చేసి "ఒరే, డాలర్ ఏటంటంది?" అని అడిగేవాడు. నేను బ్యాంకులో ఫారిన్ ఎక్స్ఛేంజ్ పని చాలా ఏళ్లు చూసి రిటైరైనవాణ్ని. అందుకని డాలర్ నా మాట వింటుందని ఆయన నమ్మకం.

ఆయన టెన్షన్‌కు కారణం ఉంది. ఆ ఏప్రిల్ మధ్యలో పశ్చిమ ఆఫ్రికా నుంచి వంద టన్నుల జీడి పిక్కలు తెప్పించడానికి బ్యాంకులో ఎల్సీ తెరిచాడు. అంటే, గడువుకు డబ్బు ముడుతుందని అమ్మినవాడికి బ్యాంకు ఇచ్చే హామీ పత్రం. ఆరు నెలల గడువు. పిక్కలు ముందు వస్తాయి, వాటిని ఉడికించి, కొట్టించి, పప్పు అమ్ముకుని, అక్టోబర్‌లో డబ్బు కట్టొచ్చు. చిన్న వ్యాపారికి ఇంతకంటే సుఖమైన ఏర్పాటు లేదు, ఒక్క మెలిక తప్ప. కట్టాల్సింది డాలర్లలో.

లెక్క సులువుగా ఉండటానికి టన్ను 1,300 డాలర్లు అనుకుందాం. ఎల్సీ తెరిచిన రోజు డాలర్ 76 రూపాయల చిల్లర. కట్టే రోజుకు 82 దాటింది. డాలర్‌కు ఆరు రూపాయల తేడా అంటే టన్నుకు 7,800. వంద టన్నులకు 7 లక్షల 80 వేలు. మన 80 కేజీల బస్తా లెక్కలో చెబితే బస్తాకు 624 రూపాయలు. పిక్కలో పుచ్చు లేదు, పప్పు తక్కువ దిగలేదు, పనివాళ్లు మానలేదు. వాషింగ్టన్‌లో కొంతమంది ఒక బల్ల చుట్టూ కూర్చుని వడ్డీ పెంచారు, అంతే.

"పిక్క ఆఫ్రికాది. పప్పు తినేది మనోళ్లు. కొట్టేది మన ఊరి ఆడోళ్లు. మజ్జిలో అమెరికా వోడేటిరా?" అని అడిగాడు బావ. ముప్ఫయ్యేళ్లకు పైగా ఈ ఉద్యోగంలో ఉండి, నన్నెవరూ ఇంత సూటిగా అడగలేదు. ఆ రోజు ఫోన్లో ఏదో చెప్పి తప్పించుకున్నాను. అసలు జవాబు ఇది.

ముందు పిక్కలు ఎందుకు దిగుమతి చేసుకోవాలన్నది. ఉద్దానం నిండా జీడి తోటలే కదా అని బయటివాళ్లు అంటారు. పలాస, కాశీబుగ్గ జంట పట్టణాల్లో రెండు వందలకు పైగా ఫ్యాక్టరీలున్నాయి. ఏడాది పొడవునా వాటిని నడిపేంత పంట ఇక్కడ ఎప్పుడూ లేదు. ఉన్న పంటనూ 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను తుడిచిపెట్టింది. తుపాను తీరం దాటింది పలాస దగ్గరే. కొబ్బరితో పాటు జీడి చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. జీడి మొక్క నాటితే మంచి కాపు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఖాళీని ఐవరీ కోస్ట్, బెనిన్, గినీ బిస్సావ్, టాంజానియా పిక్కలు పూడ్చాయి. ప్రపంచంలో పిక్కలు ఎక్కువగా పండించే దేశం ఇప్పుడు ఐవరీ కోస్టే.

ఇక డాలర్ సంగతి. బావ కట్టిన రూపాయలు ఆఫ్రికా వెళ్తాయని చాలామంది అనుకుంటారు. ఏ రూపాయీ ఈ దేశం దాటదు. ఆయన బ్యాంకుకు న్యూయార్క్‌లో ఒక బ్యాంకులో డాలర్ ఖాతా ఉంటుంది. మేం దాన్ని నోస్ట్రో అంటాం. అవతల పిక్కలమ్మినవాడి బ్యాంకుకూ అక్కడే ఇలాంటి ఖాతా ఏదో ఒకటి ఉంటుంది. బావ ఇచ్చిన రూపాయలతో ఆయన బ్యాంకు ఇక్కడి మార్కెట్లో డాలర్లు కొంటుంది. న్యూయార్క్‌లో ఒక ఖాతాలో తగ్గించి, ఇంకో ఖాతాలో కలుపుతారు. ఓడ అట్లాంటిక్, హిందూ మహాసముద్రాలు దాటి వస్తుంది. డబ్బు మాత్రం ఒక ఊళ్లో ఒక వీధి నుంచి ఇంకో వీధికి మారుతుంది. పద్దు పుస్తకం ఉన్నది అమెరికాలో. ఆ పుస్తకానికి చివరి కరణం అమెరికా కేంద్ర బ్యాంకు, అందరూ ఫెడ్ అని పిలిచే ఫెడరల్ రిజర్వ్. 1913లో పుట్టింది. అమెరికాలో ధరలు అదుపులో ఉంచడం, అమెరికన్లకు ఉద్యోగాలు ఉండేలా చూడటం దానికి చట్టం అప్పగించిన పని. పలాస గురించి ఆ చట్టంలో ఏమీ లేదు.

ప్రపంచం అంతా ఆ పుస్తకంలో ఎందుకు రాసుకుంటోందంటే, 1944లో అమెరికాలోని బ్రెటన్ వుడ్స్ అనే చోట కుదిరిన ఒప్పందం దగ్గరకు వెళ్లాలి. యుద్ధంలో చితికిపోయిన దేశాల మధ్య బంగారం నిండుగా ఉన్నది ఒక్క అమెరికా దగ్గర. ఔన్సు బంగారం 35 డాలర్లకు ఇస్తామని అమెరికా మాటిచ్చింది. మిగతా దేశాలు తమ డబ్బును డాలర్‌కు ముడేసుకున్నాయి. వియత్నాం యుద్ధం ఖర్చు, ఇతర ఖర్చులు పెరిగి, ఇచ్చిన డాలర్లకు సరిపడా బంగారం లేకుండా పోయేసరికి 1971 ఆగస్టు 15న అధ్యక్షుడు నిక్సన్ డాలర్లకు బంగారం ఇవ్వడం ఆపేశాడు. మామూలుగా అయితే మాట తప్పిన షావుకారు దగ్గర ఎవరూ పద్దు పెట్టరు. ఇక్కడ అలా జరగలేదు. అప్పటికే చమురు, గోధుమలు, అప్పులు అన్నీ డాలర్ లెక్కలో నడుస్తున్నాయి. అందరూ ఒకే అంగడికి అలవాటు పడ్డాక ఒక్కడు వేరే చోటికి వెళ్లి ఎవరితో బేరమాడతాడు?

2022 మార్చిలో ఫెడ్ వడ్డీ సున్నా దగ్గర ఉండేది. 2023 జులైకి అయిదున్నర శాతానికి చేరింది. మన ఊళ్లలో నూటికి రూపాయిన్నర వడ్డీ నడుస్తుండగా, అందరికంటే నమ్మకస్తుడైన పెద్ద ఆసామి ఒకాయన ఉన్నట్టుండి రెండు రూపాయలిస్తానంటే ఏమవుతుంది? చిన్న చిన్న చోట్ల తిరుగుతున్న డబ్బంతా వెనక్కి లాక్కుని ఆయన గుమ్మం ముందు నిలబడతారు. ప్రపంచ పెట్టుబడి చేసిందీ అదే. ముంబై మార్కెట్లో షేర్లు, బాండ్లు అమ్మి, వచ్చిన రూపాయలతో డాలర్లు కొని వెళ్లారు. డాలర్ కోసం క్యూ పెరిగింది, రేటు ఎక్కింది. అదే క్యూలో చివర మా బావ, చేతిలో ఎల్సీ కాగితంతో.

నాకు బాగా ఆలస్యంగా తట్టిన విషయం ఇంకొకటి ఉంది.

ఐవరీ కోస్ట్, బెనిన్, గినీ బిస్సావ్‌లలో నడిచే డబ్బు పేరు సీఎఫ్ఏ ఫ్రాంక్. ఎనిమిది పశ్చిమ ఆఫ్రికా దేశాలకు ఒకటే కరెన్సీ, ఒకటే కేంద్ర బ్యాంకు. దాని ప్రధాన కార్యాలయం సెనెగల్‌లోని డకార్‌లో ఉంది. ఆ ఫ్రాంక్‌ను యూరోకు బిగించి కట్టారు. యూరోకు 655.957 ఫ్రాంకులు, ఈ రోజైనా రేపైనా అంతే. కాబట్టి రూపాయికీ ఆ ఫ్రాంక్‌కీ మారకం తెలుసుకోవాలంటే యూరో ధర చూస్తే చాలు. 2022 ఏప్రిల్ మధ్యలో యూరో 82 రూపాయల చిల్లర ఉంది. అక్టోబర్ మధ్యలో 80 దగ్గర ఉంది. అంటే బావ దివాలా లెక్కలేసుకుంటున్న ఆ ఆరు నెలల్లో, పిక్కలు పండించిన రైతు డబ్బు మీద మన రూపాయి కొద్దిగా బలపడింది! డాలర్ ముందు రూపాయి పడింది, యూరో ఇంకా ఎక్కువ పడింది. ఇద్దరూ తమ తమ డబ్బులో ఒప్పందం రాసుకుని ఉంటే బావకు ఆ 7 లక్షల 80 వేల నష్టం లేదు. కాస్త మిగిలేది కూడా. నష్టమంతా మజ్జిలో వోడిదే. బావ అడిగిన ప్రశ్న అంత అమాయకమైనదేమీ కాదు.

అలాగని సీఎఫ్ఏ ఫ్రాంక్ వాళ్లు అదృష్టవంతులని కాదు. వాళ్ల కథ వింటే మన కష్టం చిన్నదనిపిస్తుంది. ఈ కరెన్సీని 1945లో ఫ్రాన్స్ తన వలసల కోసం పెట్టింది. స్వాతంత్ర్యం వచ్చాకా అది పోలేదు. యూరో రాకముందు ఫ్రెంచ్ ఫ్రాంక్‌కు ముడి, ఒక ఫ్రెంచ్ ఫ్రాంక్‌కు 50 సీఎఫ్ఏ. మారకం రేటు నిలబెడతామని ఫ్రాన్స్ హామీ ఇచ్చింది. బదులుగా ఆ దేశాల విదేశీ నిల్వల్లో పెద్ద భాగం పారిస్‌లో ఫ్రెంచ్ ఖజానా దగ్గర ఉంచాల్సి వచ్చేది. 1980లలో కోకో, కాఫీ ధరలు కూలాయి. ఐవరీ కోస్ట్ అప్పులు కట్టలేని స్థితికి వచ్చింది. మారకం విలువ తగ్గించమని ఒత్తిడి వచ్చినా అధ్యక్షుడు ఉఫూయే బ్వానీ ససేమిరా అన్నాడు. 1993 డిసెంబర్ 7న ఆయన చనిపోయాడు. నెల తిరిగాక, 1994 జనవరిలో, ఒక్క రాత్రిలో 50 కాస్తా 100 అయింది. మందులు, బియ్యం, కిరోసిన్ లాంటి దిగుమతి సరుకులు ఎంత పెరిగి ఉంటాయో ఊహించుకోండి. కోకో, పిక్కలు అమ్మేవాడి చేతికి ఎక్కువ ఫ్రాంకులు వచ్చిన మాట కూడా నిజమే. పట్నంలో జీతగాడికి దెబ్బ, తోట ఉన్నవాడికి ఊరట. ఇలాంటి నిర్ణయాన్ని పేపర్లు 'సర్దుబాటు' అని రాస్తాయి. ఎవరు సర్దుకున్నారన్నది రాయవు.

ఎందుకిలా ఇరుక్కుంటారంటే, ఆర్థికశాస్త్రంలో ఒక ముడి ఉంది. మారకం రేటు కదలకుండా ఉంచడం, పెట్టుబడి స్వేచ్ఛగా వచ్చిపోనివ్వడం, వడ్డీ రేటు మన అవసరాన్ని బట్టి మనమే పెట్టుకోవడం: ఈ మూడింటిలో రెండే దక్కుతాయి. మూడోది వదులుకోవాలి. 1960లలో మండెల్, ఫ్లెమింగ్ అనే ఇద్దరు తేల్చిన లెక్క ఇది. దీన్ని అర్థం చేసుకోవడానికి పుస్తకాలు అక్కర్లేదు, సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం ఇళ్లకు వెళ్తే చాలు. వెల్డర్, ఫిట్టర్ పనుల మీద గల్ఫ్ వెళ్లిన మనిషి లేని వీధి అక్కడ తక్కువ. సౌదీ రియాల్ 1986 నుంచీ డాలర్‌కు 3.75 దగ్గరే ఉంది. యూఏఈ దిర్హమ్ 1997 నుంచీ 3.6725 దగ్గర. పెట్టుబడికి తలుపులు తెరిచే ఉంచారు. అందుకని వడ్డీ విషయంలో వాళ్ల కేంద్ర బ్యాంకులకు సొంత గొంతు లేదు. ఫెడ్ పెంచిన రోజే, ఒక్కోసారి గంటల్లోనే, వాళ్లూ పెంచుతారు. అదే మనవాళ్లు వెళ్లే సింగపూర్ పద్ధతి వేరు. అక్కడి అధికారులు వడ్డీని వదిలేసి, మారకం రేటునే మెల్లగా పైకీ కిందికీ జరుపుతూ ధరలను అదుపు చేస్తారు.

మన రిజర్వ్ బ్యాంకు ఈ మూడింటినీ తలా కొంచెం పట్టుకుంది. రూపాయి కదులుతుంది కానీ మరీ పరుగెత్తనివ్వదు. పెట్టుబడికి తలుపు తీసే ఉంటుంది కానీ గొళ్లెం చేతిలో ఉంటుంది. వడ్డీ మనదే, అయినా ఒక కన్ను వాషింగ్టన్ మీద ఉంచక తప్పదు. దీన్ని గోడ మీద పిల్లివాటం అనేవాళ్లున్నారు. నాకైతే ఉన్నంతలో ఇదే తెలివైన దారి అనిపిస్తుంది.

ఆ ఏడాది అది రెండు పనులు చేసింది. ఒకటి, తన దగ్గరున్న డాలర్లు మార్కెట్లో అమ్మింది. 2021 సెప్టెంబర్‌లో 640 బిలియన్ డాలర్లు దాటి ఉన్న నిల్వలు 2022 అక్టోబర్‌కి 525 దగ్గరకు వచ్చాయి. ఇదంతా అమ్మకమే అనుకోకూడదు. నిల్వల్లో కొంత యూరోలు, పౌండ్లలో ఉంటుంది, వాటి విలువ డాలర్లలో పడిపోవడం కూడా ఈ తగ్గుదలలో పెద్ద భాగమే. రెండోది, 2022 మే 4న, ముందు చెప్పిన తేదీల్లో లేని సమావేశం పెట్టి మరీ, 4 శాతం ఉన్న రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, 4.4 చేసింది. 2023 ఫిబ్రవరికి 6.5 అయింది. 2019 అక్టోబర్ నుంచి చిన్న పరిశ్రమల అప్పులు రెపో లాంటి బయటి రేటుకు ముడిపడి ఉన్నాయి. కాబట్టి ఆ పెంపు బావ సీసీ ఖాతాకు, అంటే లిమిట్ వరకు తీసి వాడుకునే బ్యాంకు అప్పు ఖాతాకు, నేరుగా దిగింది. 50 లక్షల లిమిట్ మీద రెండున్నర శాతం అంటే ఏడాదికి లక్షా పాతిక వేలు. ముందు డాలర్ కొట్టింది. ఆ దెబ్బ ఆపడానికి వేసిన మందు ఇంకోవైపు నుంచి కొట్టింది.

"రూపాయి పడిపోయిందట, దేశం పరువు పోయింది" అని టీవీ చర్చల్లో అరుస్తుంటారు. పరువు సంగతి పక్కన పెట్టి, ఉద్దానంలోనే ఒక చుట్టు చుట్టొద్దాం. బావ ఫ్యాక్టరీకి నాలుగు ఊళ్ల అవతల జీడి రైతు ఉన్నాడు. బయటి పిక్క ఖరీదైతే ఇక్కడి పిక్కకు గిరాకీ రావాలి. 80 కేజీల బస్తాకు 16 వేలు ఇవ్వాలని ఆందోళనలు చేసినవాళ్లు ఈ రైతులే. వాళ్ల దృష్టిలో చవక డాలర్ అంటే ఆఫ్రికా పిక్క వచ్చి తమ ధర పడగొట్టడం. ఇంకో వీధిలో గల్ఫ్ కుటుంబం. నెలకు 1,500 రియాళ్లు ఇంటికి పంపే కొడుకున్న తల్లికి, డాలర్ 76 ఉన్నప్పుడు 30,400 వస్తే, 82 ఉన్నప్పుడు 32,800 వస్తుంది. అబ్బాయి ఒక్క గంట ఎక్కువ పనిచేయలేదు, 2,400 ఎక్కువొచ్చింది. మన దేశానికి విదేశాల్లోని మనవాళ్లు పంపే సొమ్ము 2024లో దాదాపు 129 బిలియన్ డాలర్లు, ప్రపంచంలోనే ఎక్కువ. ఆ పెద్ద అంకెలో ఈ తల్లి 2,400 కూడా ఉంది. బావకు శాపమైనది ఆవిడకు వరం. ఆ వరంలోంచి వంటనూనె, గ్యాస్, బస్సు ఛార్జీ కొంత తిరిగి లాక్కుంటాయి, అది వేరే విషయం.

ఈ చుట్టులో నాలుగో మనిషి ఉంది. ఫ్యాక్టరీలో నేల మీద కూర్చుని పిక్క కొట్టే ఆడమనిషి. జీడి నూనె చేతులకు అంటకుండా బూడిదో, వేరే నూనో రాసుకుంటుంది, అయినా వేళ్లు నల్లబడి తొక్క ఊడుతుంది. ఆమెకు కూలి కేజీ లెక్కన. డాలర్ పెరిగినందుకు ఆమె కూలి పెరగదు. తగ్గినందుకూ పెరగదు. మరీ నష్టమొస్తే బావ వారానికి రెండు రోజులు ఫ్యాక్టరీ మూస్తాడు, ఆ రెండు రోజుల కూలి ఆమెకు పోతుంది. వాషింగ్టన్ నుంచి దిగివచ్చే మెట్లలో అన్నిటికంటే కింది మెట్టు ఆమెది. తన మీద పడ్డ బరువు దించడానికి ఆమె కింద ఇంకెవరూ లేరు.

వడ్డీ నిర్ణయించే ద్రవ్య విధాన కమిటీ 2016లో వచ్చింది. ఆరుగురు సభ్యులు. ముగ్గురు రిజర్వ్ బ్యాంకు వాళ్లు, ముగ్గురు ప్రభుత్వం నియమించినవాళ్లు. వాళ్ల ముందు పెట్టిన గురి 4 శాతం ద్రవ్యోల్బణం, అటూ ఇటూ రెండు శాతం వెసులుబాటు. అప్పటి లెక్కలో ధరల సూచీలో దాదాపు 46 శాతం తిండి సరుకులే. వడ్డీ పెంచితే టమాటా కాయదు, ఉల్లిపాయ నిల్వ ఉండదు. అయినా వాటి ధర పెరిగితే బావ సీసీ వడ్డీ పెరుగుతుంది. ఇదంతా తప్పని నేననను. ధరలు అదుపు తప్పితే మొదట మునిగేది ఆ కింది మెట్టు మనిషే. కానీ ఇది వట్టి లెక్కల శాస్త్రం, రాజకీయాలు అంటవని చెబితే మాత్రం ఒప్పుకోలేను. ఎవరి నష్టాన్ని ముందు ఆపాలి అని ఎంచుకోవడం కంటే పెద్ద రాజకీయం ఏముంటుంది?

రాజకీయం అంటే గుర్తొచ్చింది. రిజర్వ్ బ్యాంకు డాలర్లు అమ్మినప్పుడు దానికి లాభం వస్తుంది. ఎప్పుడో చవగ్గా కొన్న డాలర్‌ను 82కి అమ్మితే తేడా అంతా ఆదాయమే. ఏటా ఖర్చులు పోను మిగిలింది కేంద్ర ప్రభుత్వానికి వెళ్తుంది. ఎంత దాచుకోవాలి, ఎంత ఇవ్వాలి అన్న దాని మీద 2018లో పెద్ద గొడవే నడిచింది. ఆ డిసెంబర్‌లో గవర్నర్ ఉర్జిత్ పటేల్ వ్యక్తిగత కారణాలంటూ రాజీనామా చేశారు. తర్వాత మాజీ గవర్నర్ బిమల్ జలాన్ కమిటీ ఒక పద్ధతి పెట్టింది. 2019లో 1.76 లక్షల కోట్లు, 2024లో 2.11 లక్షల కోట్లు, 2025లో 2.69 లక్షల కోట్లు ప్రభుత్వానికి అందాయి. విదేశీ ఆస్తుల మీద వచ్చే వడ్డీ, డాలర్ అమ్మకాల లాభం ఇందులో పెద్ద పద్దులు. రూపాయి జారడం ఢిల్లీ ఖజానాకు పూర్తిగా చేదు కాదన్నమాట. బావకు ఈ సంగతి చెప్పలేదు. చెబితే తన 7 లక్షల 80 వేలకు రసీదు అడుగుతాడు.

ఇన్ని డాలర్లు కూడబెట్టుకోవడం ఎందుకు, ఆ డబ్బుతో రోడ్లేయొచ్చు కదా అని అడుగుతారు. 1991 చూసినవాళ్లు అడగరు. అప్పుడు దేశం దగ్గర మిగిలిన విదేశీ మారకం రెండు వారాల దిగుమతులకు సరిపోయేంత. ఇంట్లో ఆపద వస్తే మనం ఏం చేస్తామో దేశమూ అదే చేసింది, బంగారం తాకట్టు పెట్టింది. ఆ జులైలో 47 టన్నుల బంగారం విమానాల్లో లండన్ వెళ్లి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఖజానాలో కూర్చుంది. చేతికొచ్చింది దాదాపు 40 కోట్ల డాలర్లు. అదే నెల మొదటి మూడు రోజుల్లో రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించారు. ప్రధాని పి.వి.నరసింహారావు, ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్. అంతర్జాతీయ ద్రవ్య నిధి అప్పిచ్చింది, షరతులూ ఇచ్చింది. ఆ నిధిలో పెద్ద నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి. అమెరికా ఒక్కదాని దగ్గరే 16 శాతానికి పైగా ఉన్నాయి. అంటే అమెరికా వద్దంటే అక్కడ ఆకు కూడా కదలదు. మన వాటా మూడు శాతం కూడా లేదు.

ఇక్కడ మన జిల్లాల వాళ్లకు ఒక చిన్న ముచ్చట. 2008 సెప్టెంబర్ 5న రిజర్వ్ బ్యాంకు గవర్నర్‌గా చేరిన దువ్వూరి సుబ్బారావు గారు ఐఏఎస్ ఉద్యోగం మొదట్లో పార్వతీపురం సబ్ కలెక్టర్. పార్వతీపురం అప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, 1979లో విజయనగరంలోకి వెళ్లింది, 2022 నుంచి దానికదే ఒక జిల్లా. ఆయన గవర్నర్ కుర్చీలో కూర్చున్న పదో రోజున అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద పెట్టుబడి బ్యాంకు కూలింది. ప్రపంచమంతా డాలర్ల కరువు. అప్పుడు ఫెడ్ కొన్ని కేంద్ర బ్యాంకులకు మాత్రం 'స్వాప్' పేరుతో డాలర్లు అప్పిచ్చింది. ఐరోపా, జపాన్, బ్రిటన్, స్విట్జర్లాండ్, కెనడాలకు ముందు వరుస. తర్వాత బ్రెజిల్, మెక్సికో, దక్షిణ కొరియా, సింగపూర్‌లకు తలా 30 బిలియన్లు. మనకు ఆ తలుపు తెరుచుకోలేదు. సొంత నిల్వలు కరిగించుకుంటూ, రెపోను 9 నుంచి 4.75 శాతానికి దించుకుంటూ గట్టెక్కాం. మరుసటి ఏడాది ఇదే రిజర్వ్ బ్యాంకు ద్రవ్య నిధి దగ్గర 200 టన్నుల బంగారం 670 కోట్ల డాలర్లకు కొంది. పద్దెనిమిదేళ్ల కిందట తాకట్టు పెట్టినవాళ్లు అప్పిచ్చినవాడి దగ్గరే బంగారం కొనడం చూసి మా బ్రాంచిలో మిఠాయిలు పంచారు. ఎవరు పంచారో గుర్తులేదు కానీ, తిన్నది గుర్తుంది.

ముందు వరుసలో చోటున్న దేశానికి నిల్వలు పెద్దగా అక్కర్లేదు. చోటు లేనివాళ్లు ఇంట్లో ధాన్యం గాదె కట్టుకోవాలి. ఆ గాదెలో డాలర్లు అంటే ఎక్కువగా అమెరికా ప్రభుత్వానికి తక్కువ వడ్డీకి ఇచ్చిన అప్పే. మన పలాస లాంటి ఊళ్లకు దొరికే అప్పుకంటే చవగ్గా అమెరికాకు మనం అప్పిస్తున్నాం. పైగా గాదె తాళం పూర్తిగా మన చేతిలో ఉందనీ చెప్పలేం. 2022 ఫిబ్రవరి చివర్లో రష్యా కేంద్ర బ్యాంకుకు చెందిన సుమారు 300 బిలియన్ డాలర్ల ఆస్తులను పాశ్చాత్య దేశాలు కదలకుండా చేశాయి. ఉక్రెయిన్ మీద దాడికి అది శిక్ష. శిక్ష న్యాయమే అనుకున్నా, చూసిన మిగతా దేశాలు తమ గాదె వైపు ఒకసారి తిరిగి చూసుకున్నాయి. 2024లో మన రిజర్వ్ బ్యాంకు లండన్‌లో ఉన్న బంగారంలో వంద టన్నులు ఇంటికి తెచ్చుకుంది.

మరి రూపాయల్లోనే కొనలేమా? 2022 జులై 11న రిజర్వ్ బ్యాంకు ఆ దారి తెరిచింది. విదేశీ బ్యాంకులు ఇక్కడ రూపాయి ఖాతాలు పెట్టుకుని ఎగుమతి దిగుమతుల లెక్కలు తేల్చుకోవచ్చు. బావకు ఆశ పుట్టింది. ఆఫ్రికా వ్యాపారిని అడిగించాడు కూడా. "నీ రూపాయలతో నేనేం చేసుకోను?" అన్నది సమాధానం. రష్యాకు అదే అనుభవమైంది. మనకు చమురు అమ్మి పోగైన రూపాయలను ఎక్కడ ఖర్చుపెట్టాలో తెలియక తలపట్టుకుంది. ఐవరీ కోస్ట్, బెనిన్ మన బియ్యం బాగానే కొంటాయి. కాగితం మీద చూస్తే పిక్కలకు బియ్యం చెల్లు అయిపోవాలి. అక్కడ బియ్యం తెప్పించుకునే వ్యాపారి వేరు, పిక్కలమ్మే వ్యాపారి వేరు. ఇద్దరి బ్యాంకులు వేరు, ఇద్దరికీ నమ్మకమైన మూడో ఖాతా న్యూయార్క్‌లోనే ఉంది. ఈ మధ్యలో నిలబడి రెండు వైపులా లెక్క కలిపే బ్యాంకు ఒకటి కావాలి, దానికి అవతల ఫ్రాంకులు, ఇవతల రూపాయలు ఎప్పుడూ చేతిలో ఉండాలి. రెండు దేశాలు పూనుకుంటే పదేళ్ల పని. ఒక మంత్రి ప్రకటనతో అయ్యేది కాదు.

బావ చేతిలో ఉన్న ఉపాయం ఒక్కటే, ఫార్వర్డ్ బుకింగ్. ఆరు నెలల తర్వాతి డాలర్ ధరను ఈ రోజే ఖాయం చేసుకోవడం. మన వడ్డీకీ అమెరికా వడ్డీకీ ఉన్న తేడాయే ఇంచుమించు దాని ఖరీదు. ఫెడ్ పెంచుకుంటూ పోవడంతో 2022లో ఆ తేడా చిక్కిపోయి, ఏడాది బుకింగ్ ఖరీదు రెండు శాతం దగ్గరకు దిగింది. గొడుగు అన్నిటికంటే చవగ్గా దొరికింది సరిగ్గా వాన పడుతున్నప్పుడే. చాలామంది చిన్న ఫ్యాక్టరీల వాళ్లు కొనలేదు. బ్యాంకులో వాళ్లకు ఆ మాట చెప్పేవాళ్లు లేరు. నేనున్న రోజుల్లోనూ పెద్ద పార్టీలకు ఫోన్ చేసి చెప్పేవాళ్లం, చిన్న పార్టీలు అడిగితే చెప్పేవాళ్లం. అడగాలని వాళ్లకు తెలియదు.

ఆ తర్వాతి సీజన్లో నేనే దగ్గరుండి బావను బ్యాంకుకు తీసుకెళ్లాను. ఫారం నింపుతుంటే మొత్తం బుక్ చేయమన్నాను. ఆయన చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. డాలర్ తగ్గితేనో అన్న ఆశ ఇంకా చావలేదు.

"సగం రాయరా. మిగతా సగం ఆ వాషింగ్టన్ వోడి దయ."

సగమే రాశాం.